రంగత్‌లో డైపర్ల ఖర్చు: వానాకాలంలో ఎందుకు పెరుగుతుంది? ఎలా తగ్గించుకోవచ్చు?

అండమాన్ దీవుల్లో మే నెలలో మొదలయ్యే వానలు డిసెంబరు దాకా కురుస్తూనే ఉంటాయి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మధ్య అండమాన్‌లోని రంగత్‌లో పసిబిడ్డ ఉన్న ఇంటికి ఆ నెలల్లో ఎదురయ్యే పెద్ద చిక్కు, ఉతికిన గుడ్డలు ఆరకపోవడం.

పాత నూలు చీరలు, పంచెలు చింపి పొత్తిగుడ్డలుగా వాడటం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లోనే ఉన్నాయి. ఎండాకాలంలో గుడ్డలతో నెట్టుకొచ్చే ఇల్లు కూడా వానలు మొదలయ్యాక డైపర్ల వైపు చూడాల్సి వస్తుంది. అదే సమయంలో తుపాన్లు, సముద్రపు పోటు వల్ల ఓడలు ఆలస్యమవుతుంటాయి.

సరుకు ఎలా వస్తుంది?

దీవులకు సరుకులు ప్రధానంగా చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి సముద్రం మీదే వస్తాయి. సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చారు) నుంచి రంగత్‌కు అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మరో 170 కిలోమీటర్లు వెళ్లాలి. మధ్యలో జరావా తెగ రిజర్వు ఉంది. అక్కడ వాహనాలను నిర్ణీత సమయాల్లో, వరుసగా కాన్వాయ్‌లోనే పంపుతారు.

డైపర్ల ప్యాకెట్ తేలిక. కానీ చాలా చోటు ఆక్రమిస్తుంది. లారీలోనైనా, కొరియర్‌లోనైనా ఇలాంటి సరుకుకు కిరాయి బరువును బట్టి కాక, అది ఆక్రమించే స్థలాన్ని బట్టి పడుతుంది. చిన్న ఊరి దుకాణదారు అన్ని సైజులూ నిల్వ పెట్టకపోవడానికి ఇదొక కారణం. కావలసిన సైజు దొరకక చిన్న ప్యాకెట్లు మళ్లీ మళ్లీ కొనే కుటుంబమే ఎక్కువ నష్టపోతుంది.

ప్యాకెట్ ధర కాదు, ఒక్కో డైపర్ ధర

పాంపర్స్, హగ్గీస్, మామీపోకో వంటి పేరున్న రకాలైనా, పెద్దగా పేరు వినని రకాలైనా పోల్చాల్సింది ఒక్కో డైపర్ ధరనే. ఉదాహరణకు, 10 డైపర్ల ప్యాకెట్ రూ.130 అయితే ఒక్కోటి రూ.13. 60 డైపర్ల ప్యాకెట్ రూ.600 అయితే ఒక్కోటి రూ.10. రోజుకు ఐదు చొప్పున వాడితే నెలకు రూ.450 తేడా వస్తుంది. లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం ఈ యూనిట్ ధరను ప్యాకెట్ మీదే ముద్రించాలి.

గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దీవికి రవాణా ఖర్చు అయిందన్న పేరుతో అంతకు మించి వసూలు చేయడానికి వీల్లేదు. అలా తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు దగ్గర ఉంచుకోవాలి.

పిల్లల డైపర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పన్నుతో రూ.560 ఉన్న ప్యాకెట్, తగ్గింపు పూర్తిగా అందితే రూ.525 కావాలి. ఎంఆర్‌పీతో పాటు తయారీ నెల, సంవత్సరం కూడా చూస్తే పాత సరుకేదో తెలిసిపోతుంది. నాణ్యత విషయానికొస్తే, డైపర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17509 అనే ప్రమాణాన్ని రూపొందించింది. తెలియని రకం కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆ గుర్తు ఉందేమో చూడటం మంచిది.

ఎంత నిల్వ పెట్టుకోవచ్చు?

ఓడ ఆలస్యమవుతుందని ముందే కొనిపెట్టుకోవడం తెలివైన పనే. కానీ సైజు చూసి కొనాలి. బిడ్డ పుట్టినప్పటి బరువు ఐదు నెలలకు దాదాపు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఐదో నెలకు 6 కిలోలు, ఏడాదికి 9 కిలోలు ఉంటుంది. అందుకే నవజాత శిశువుల సైజు, చిన్న సైజు ఎక్కువగా కొంటే మిగిలిపోతాయి. మీడియం (చాలా రకాల్లో 7 నుంచి 12 కిలోలు) ఎక్కువ కాలం పనికొస్తుంది. పెద్ద ప్యాకెట్ కొనాలంటే ఈ సైజులో కొనడం లాభం.

సైజును వయసుతో కాక బరువుతో నిర్ణయించాలి. అంగన్‌వాడీలో బిడ్డను తూచి కార్డులో రాసే బరువు ఇందుకు సరిపోతుంది. తొడల దగ్గర ఎర్రటి గీతలు పడుతున్నా, తరచూ పక్కలు తడుస్తున్నా సైజు మార్చాల్సిన సమయం వచ్చినట్టే.

దీవుల గాలిలో తేమ ఎక్కువ. డైపర్ లోపల తడిని పీల్చుకునే పాలిమర్ పొడి ఉంటుంది. ప్యాకెట్ తెరిచి వదిలేస్తే అది గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. అందుకే మూత గట్టిగా ఉన్న డబ్బాలో, నేలకు ఎత్తుగా దాచాలి.

ఎక్కడ తగ్గించవచ్చు? ఎక్కడ తగ్గించకూడదు?

డైపర్‌ను రాత్రి నిద్రకు, ప్రయాణానికి, ముసురు పట్టిన రోజులకు ఉంచి, ఎండ కాసిన పగళ్లలో గుడ్డ వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఒక్కోటి రూ.12 అనుకుంటే రోజుకు ఐదుకు నెలకు రూ.1,800, రెండుకు రూ.720. పాలు తాగిన కాసేపటికి పిల్లలు విరేచనం చేసుకోవడం మామూలే. కాళ్ల మీద కూర్చోబెట్టే మన పాత అలవాటు ఆ సమయంలో రోజుకు ఒకటి రెండు డైపర్లు మిగులుస్తుంది.

వేసిన డైపర్‌ను మాత్రం పొదుపు కోసం గంటల తరబడి అలాగే ఉంచకూడదు. విరేచనం అయితే వెంటనే మార్చాలి. తడి, మలం చర్మాన్ని ఒరిపిడికి గురిచేస్తాయి. వేడి, తేమ ఉన్న చోట ఆ దద్దుర్ల మీద ఫంగస్ కూడా చేరుతుంది. రోజూ కాసేపు డైపర్ లేకుండా ఉంచడం, కడిగి పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము రాయడం మేలు చేస్తాయి. పౌడర్ వద్దు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పుండ్లు పడినా, జ్వరం వచ్చినా వైద్యుడికి చూపించాలి. డైపర్ మీద మిగిల్చిన పది రూపాయలు మందులకు పోవడం లాభం కాదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పాలు సరిపోతున్న పసిబిడ్డ మొదటి వారం దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంది. మంచి డైపర్ తడిని దాచేస్తుంది కాబట్టి ఈ లెక్క తెలియదు. పగలు గుడ్డ వాడితే ఇది కూడా సులువుగా తెలుస్తుంది.

వాడేశాక ఎక్కడ వేయాలి?

డైపర్‌లో ఎక్కువ భాగం ప్లాస్టిక్, పాలిమరే. మట్టిలో తొందరగా కలవదు, తడిసిన దాన్ని కాలిస్తే విషపు పొగ వస్తుంది. మలాన్ని మరుగుదొడ్డిలో వేయాలి. డైపర్‌ను చుట్టి, కాగితంలో మడిచి, తడి చెత్తలో కలపకుండా ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. చుట్టడానికి సంచులు ఇవ్వాల్సిన బాధ్యతను తయారీదారులకే అప్పగించాయి.

దీవిలో పారేసిన చెత్త అక్కడే ఉండిపోతుంది. లేదంటే వానకు కొట్టుకుపోయి క్రీకులకు, మడ అడవులకు, సముద్రానికి చేరుతుంది. రోజుకు ఐదు డైపర్లు వాడే ఇంటి నుంచి ఏడాదికి 1,800కు పైగా డైపర్లు చెత్తలోకి పోతాయి. రెండు వాడే ఇంటి నుంచి పోయేవి 730.