బండి వెనక ఊగుతోందా? బుష్షు చూడండి!

గుడివాడ: వానలు వెనకబట్టి గట్ల రోడ్లు ఆరేసరికి మెకానిక్ షెడ్ల ముందు కార్లు, బొలెరోలు బారులు తీరడం డెల్టాలో ఏటా ఉన్నదే. గుంటలో పడితే వెనకనుంచి టక్కుమంటోందని, మలుపులో బండి తోక ఊపుతోందని యజమానులు వాపోతుంటారు. షాక్ అబ్జార్బర్లు పోయాయని కొందరు, టైర్లు అరిగాయని మరికొందరు వేలు ఖర్చు పెడుతున్నారు. అవి మార్చినా శబ్దం పోకపోతే అప్పుడు గాని రబ్బరు బుష్షు సంగతి ఎవరికీ గుర్తురావడం లేదు.

బుష్షు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఇనుప గొట్టంలో మరో చిన్న గొట్టం, రెంటి నడుమా రబ్బరు, అంతే. చక్రం లేచి పడినప్పుడల్లా ఈ రబ్బరు కొద్దిగా మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. రోడ్డు అదురును బాడీకి ఎక్కనీయకుండా చాలావరకు మింగేస్తుంది. బొలెరోకు వెనక కమాను పట్టీల కొసల్లో ఇవి ఉంటాయి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కూ వెనక కమాను పట్టీలే. స్విఫ్ట్, డిజైర్ వంటి కార్లకు వెనక రెండు చక్రాలను కలిపే అడ్డదూలం ఉంటుంది. అది ఇరుపక్కలా చెరొక పెద్ద బుష్షుతో బాడీకి బిగించి ఉంటుంది. ఖరీదైన కార్లు కొన్నింటిలో వెనక భాగాలన్నీ ఒక చిన్న ఫ్రేముకు అమర్చి, ఆ ఫ్రేమును బుష్షులపై నిలుపుతారు. దానినే సబ్‌ఫ్రేము అంటారు.

రబ్బరు చిరిగినా, గొట్టం నుంచి ఊడినా ఇరుసు తన చోట నిలవదు. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే వెనక చక్రాలు ఒక క్షణం ఆలస్యంగా, తమకు తోచిన దారిలో వస్తాయి. ఊరి వీధిలో ఇది పెద్దగా తెలియదు. ఒక పక్క కాలువ, ఎదురుగా ధాన్యం లారీ, బండినిండా నాట్లకు వెళ్లే కూలీలు ఉన్నప్పుడు ఆ ఒక్క క్షణమే ప్రాణాల మీదికి తెస్తుంది.

డీజిల్ కొట్టిస్తే చేటు

మన రోడ్లు బుష్షులకు శత్రువులే. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. దానిమీద వేసిన రోడ్డు కొన్నాళ్లకే అలలు తేలుతుంది. అయితే రోడ్డు చేసే చేటు కొంతైతే మనం చేసుకునేది మరికొంత. నీళ్ల సర్వీసు చేయించిన తర్వాత తుప్పు పట్టదని, కిర్రుమనదని బండి అడుగున డీజిలో, వాడేసిన ఇంజన్ ఆయిలో కొట్టించడం చాలాచోట్ల ఆచారమైంది. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టిన అలవాటు కాబోలు! ఇనుముకు అది మంచిదే. కాని బుష్షులో వాడే రబ్బరుకు డీజిలూ, నూనే విషం వంటివి. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరకు పట్టు వదులుతుంది. అందువల్ల సర్వీసుకు ఇచ్చేటప్పుడే బుష్షుల మీద డీజిల్ పడనీయవద్దని చెప్పడం అవసరం.

గట్టిది మంచిదేనా?

బుష్షు మార్చాలనగానే అంగళ్లలో రకరకాలవి చూపిస్తున్నారు. కంపెనీ రబ్బరు బుష్షు ఒకటి, ఎరుపు, పసుపు రంగుల్లో వచ్చే పాలీయురేథేన్ బుష్షు మరొకటి. ఈ రెండవ దానినే పి.యు. బుష్షు అంటున్నారు. ఇది రబ్బరు కన్నా గట్టిది, నూనెకు లొంగదు, చాలాకాలం మన్నుతుంది. పందేల్లో కార్లు నడిపేవారు ఇవి వేస్తారు. ఇంకా బిగువు కావలసినవారు అల్యూమినియం బుష్షులే వేస్తారు. వారికి కావలసింది చక్రం వెంట్రుకవాసి కూడా కదలకపోవడం. బండిలో కూర్చున్నవారి నడుము సంగతి వారికి పట్టదు.

గట్టి బుష్షు అదురును మింగదు, పైకి పంపుతుంది. రబ్బరు తినవలసిన దెబ్బ బాడీకి వెల్డింగ్ చేసిన బ్రాకెట్ తింటుంది. బుష్షు మిగిలి బ్రాకెట్ చీలితే లాభమేమిటి? పైగా పి.యు. బుష్షు మెలితిరగదు, గొట్టం మీద జారుతుంది. కాబట్టి దానికి ప్రత్యేకమైన సిలికాన్ గ్రీజు కావాలి. గట్ల దుమ్ము అందులో చేరితే పిల్లి అరిచినట్లు అరుస్తుంది.

డిజైర్ వంటి కార్ల అడ్డదూలం బుష్షు సంగతి వేరు. దాని రబ్బరులో కావాలనే ఖాళీలు వదిలి, ఒక దిశలో మెత్తగానూ మరో దిశలో గట్టిగానూ ఉండేట్లు చేస్తారు. ఆ చోట పి.యు. వేస్తే ఆ పొందిక పోతుంది. ఇంటి అవసరాలకూ, టాక్సీకీ తిరిగే కారుకు కంపెనీ రబ్బరును మించినది లేదనే చెప్పాలి. రోజూ బరువు మోసే బొలెరో కమాను పట్టీల్లో పి.యు. వేసుకుంటే తప్పులేదు, గ్రీజు మాత్రం మరువరాదు. పాత టైరు కోసి బుష్షు చేయించుకునే పద్ధతి ఏ బండికీ పనికిరాదు.

చవక బుష్షు కొని మిగిలిందనుకోవడం కూడా పొరపాటే. చాలా బండ్లకు బుష్షు ఖరీదు కన్నా విప్పి బిగించే కూలే ఎక్కువ. ఆరు నెలలకు మళ్లీ విప్పితే ఆ కూలి రెండుసార్లు. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, ఊళ్లో కొన్నా పాకెట్‌పై తయారీ నెల, సంవత్సరం చూసి, బిల్లు తీసుకోవాలి. రబ్బరు బీరువాలో ఉన్నా ముసలిదవుతుంది. పాత బుష్షును వెంట తీసుకెళ్లి లోపలి గొట్టం పొడవు, బయటి వెడల్పు పోల్చి చూడటం మంచిది. ఒకవైపే పోయినా రెండు వైపులా మార్చాలి. లేకుంటే ఒక కాలు కుంటి, ఒక కాలు బాగు అన్నట్లవుతుంది.

బిగింపులోనే చాలా కార్లు దెబ్బతింటున్నాయి. బుష్షును సుత్తితో కొట్టి దింపితే గొట్టం సొట్టపోతుంది. ప్రెస్సు ఉన్న షెడ్డుకే వెళ్లాలి. అడ్డదూలం బుష్షుపై ఉన్న గుర్తును కంపెనీ చెప్పిన దిశకే పెట్టాలి. ఇక ముఖ్యమైనది బోల్టు. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి నేలకు దిగినప్పుడు రబ్బరు మెలితిరిగిపోతుంది. అప్పటినుంచి అది నిత్యం ఆ మెలితోనే పనిచేస్తుంది, త్వరగా చిరుగుతుంది. జాకీపై వదులుగా ఉంచి, బండిని చక్రాలపై నిలబెట్టి, బరువు పడిన తర్వాతే గట్టిగా బిగించాలి. ఇందుకు షెడ్డులో గుంటగాని, ర్యాంపుగాని ఉండాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందకు దూరడం ఎవరికీ తగదు, స్టాండ్లు పెట్టాల్సిందే.

అసలు బుష్షు పోయిందో లేదో ముందే చూసుకోవచ్చు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బుష్షు పక్కన చిన్న గడ్డపారతో ఎత్తి చూస్తే రబ్బరు గొట్టాన్ని వదిలిందీ లేనిదీ తెలుస్తుంది. పైపైన సన్నని బీటలుంటే భయపడనక్కరలేదు. లోతుగా చీలినా, నడిమి గొట్టం ఒకపక్కకు ఒరిగినా మార్చాల్సిందే. మార్చిన రోజున పాత బుష్షులు అడిగి తీసుకోవాలి. చిరిగింది ఎటువైపో చూస్తే బరువు ఎక్కువైందో, డీజిల్ తిన్నదో అనుభవం ఉన్న మెకానిక్ అక్కడే చెప్పగలడు.