పాత బండి కొంటున్నారా? ముందు మీ సరుకు తూకం వేయండి

కూరగాయలు మార్కెట్‌కు తోలడానికి పాత బండి కొనే రైతులు ముందుగా అడిగేది ‘ఇంజనెంత?’ అని. అడగాల్సింది ‘రోజూ నా సరుకెంత?’ అని.

2005లో వచ్చిన తొలి టాటా ఏస్‌ది రెండు సిలిండర్ల 702 సి.సి. డీజిల్ ఇంజను, 16 గుర్రాల శక్తి. సుమారు ముప్పాతిక టన్నుకు చేసిన బండి అది. టమోటా పెట్టె పాతిక కిలోలనుకుంటే 30 పెట్టెలు. మీ సరుకు అంతకు మించకపోతే అది చాలు, డీజిలూ కలిసొస్తుంది. యాభై పెట్టెలు, పైగా మదనపల్లె వైపు లాగా ఎక్కుడు దారులైతే 2,523 సి.సి. బొలెరో పికప్ లాంటిది చూసుకోండి. చిన్న ఇంజను మీద అంత బరువేస్తే మొదటి గేరులోనే ఈడ్వాలి. క్లచ్ ప్లేటు, ఇంజను రెండూ అరుగుతాయి. అలాగని ఏడాదిలో పది రోజుల కోత కోసం పెద్దది కొనకండి. ఆ పది రోజులకు బాడుగ బండే నయం.

ఆర్.సి.లో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. ఎంత వేయవచ్చో తేలిపోతుంది. డ్రైవరు బరువు కూడా అందులోదే సుమా!

ఇక పాత బండి ఇన్నాళ్లూ ఏం మోసిందన్నది సి.సి. కంటే ముఖ్యం. ఇసుక మోసి అలసిన పెద్ద ఇంజను కంటే పాలక్యాన్లు మోసిన చిన్నదే మేలు. కొత్త రంగు చూసి మురిసిపోకండి. పొద్దున్నే వెళ్లి, ఇంజను చల్లగా ఉండగా మీ ముందే స్టార్టు చేయించండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు తాగుతోందన్నమాట. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్.సి. ఏటా చేయించాలి, ఆ ఖర్చూ బేరంలో పెట్టండి. బండి మీద అప్పుంటే, తీరినట్టు బ్యాంకు కాగితం చూపించేదాకా బయానా ఇవ్వకండి.