చిన్న స్కూటరుకు పెద్ద టైరు

ఈ బ్రిటన్‌లో పదహారేళ్ళు నిండితే చాలు, తాత్కాలిక లైసెన్సు, ప్రాథమిక శిక్షణ సర్టిఫికెట్టు చేతపట్టుకుని మన పిల్లలు 50 సి.సి. మోపెడ్ ఎక్కవచ్చు. వారిలో కొందరికి పాత వెస్పాలు కొని బాగుచేసుకోవడం సరదా. అలాంటి కుర్రవాడొకడు మొన్న నన్నడిగాడు: "అంకుల్, టైరు ఒక సైజు పెద్దది వేస్తే గుంటల్లో కుదుపు తగ్గుతుంది గదా?" ఇది మెకానిక్కును అడగవలసిన ప్రశ్నే. కాని తేడా వస్తే బండి మెకానిక్కు దగ్గరికీ, మనిషి మా దగ్గరికీ వస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు.

అతనిది వెస్పా పి.కె. 50. దానికి కంపెనీ వేసిన టైరు 3.00-10. అంటే టైరు వెడల్పు 3 అంగుళాలు, రిమ్ము 10 అంగుళాలు. ఈ పాత కొలతల్లో టైరు ఎత్తు కూడా సుమారు వెడల్పంతే ఉంటుంది కనుక, చక్రం మొత్తం వ్యాసం సుమారు 16 అంగుళాలు. అతను వేయాలనుకున్నది 3.50-10. దాని వ్యాసం 17 అంగుళాలు. ఒక్క అంగుళమే గదా అనిపిస్తుంది. కాని మా వైద్యంలో పసిపిల్లల మోతాదు బరువును బట్టి లెక్కగడతాం. పెద్దవాడికి లెక్కలోకి రాని తేడా పసివాడికి ఎక్కువవుతుంది. చిన్న స్కూటరు సంగతీ అంతే. ఇక్కడ తేడా నూటికి 6 వంతులు.

ముందు లాభం చూద్దాం. 2 అంగుళాల ఎత్తున్న గట్టు చక్రానికి అడ్డుపడిందనుకోండి. 16 అంగుళాల చక్రం దాన్ని సుమారు 41 డిగ్రీల కోణంలో ఢీకొంటుంది. 17 అంగుళాల చక్రానికి అది 40 డిగ్రీలు. 24 అంగుళాల మోటారు సైకిలు చక్రానికైతే 34. అంటే మనవాడికి దక్కేది ఒక్క డిగ్రీ. టైరులో గాలి కాస్త ఎక్కువ పడుతుంది కనుక కొంచెం మెత్తదనం వస్తుంది, నిజమే. కాని చిన్న చక్రం చిన్న చక్రమే.

ఇక నష్టాలు. ఇంజను బలం మారదు, చక్రం పెద్దదవుతుంది. కాబట్టి రోడ్డును వెనక్కి తన్నే బలం నూటికి 6 వంతులు తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు 50 సి.సి. బండి ఆయాసపడుతుంది. వెస్పాలో స్పీడోమీటరు తీగ ముందు చక్రం నుంచే వస్తుంది. ముందు టైరు మారిస్తే ముల్లు తక్కువ చూపుతుంది. 30 మైళ్ళన్నప్పుడు బండి దాదాపు 32 మీద పోతుంటుంది.

వీటన్నిటికంటె నన్ను భయపెట్టేది బ్రేకు. డ్రమ్ము అదే, లీవరు నొక్కే వేళ్ళూ అవే. చక్రం పెద్దదైతే టైరు రోడ్డును పట్టి ఆపే బలం అదే 6 వంతులు తగ్గుతుంది. బండి ఎక్కకపోతే దిగి నడిపించుకోవచ్చు. ఆగకపోతే?

పైగా ఖాళీ చాలాలి. టైరు పైన అర అంగుళం, రెండు పక్కలా పావు అంగుళం చొప్పున ఖాళీని మింగేస్తుంది. స్టాండు మీద నిలబెట్టి చూస్తే రాసుకోదు. ఇద్దరెక్కి గుంటలో పడ్డప్పుడు, స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు రాసుకోవచ్చు. మంచం ఉన్నంత వరకే కాళ్ళు చాచుకోమన్నారు పెద్దలు.

అయితే వెడల్పు పెంచడమే తప్పని కాదు. మన ఊళ్ళో అందరూ ఎరిగిన బజాజ్ చేతక్‌కు, ఇక్కడి వెస్పా పి.ఎక్స్.కు 3.50-10 టైర్లు. అక్కడ 100/90-10 వేస్తే వెడల్పు 89 మిల్లీమీటర్ల నుంచి 100కు పెరుగుతుంది గాని, వ్యాసం దాదాపు మారదు: 432 ఉన్నది 434 అవుతుంది. అప్పుడు చూసుకోవలసింది పక్కల ఖాళీ ఒక్కటే. టైరు తయారీదారు చెప్పిన రిమ్ము వెడల్పు, స్టెప్నీ ఉంచే చోటు కూడా కొలవండి. అన్నట్టు, ఈ 'స్టెప్నీ' అనే మాట మన దేశానికి వెళ్ళింది ఇక్కడి నుంచే. వేల్సులోని లనెల్లి ఊళ్ళో స్టెప్నీ వీధి ఉంది. దాని పేరే ఆ చక్రానికి వచ్చింది.

టైరు మార్చేవారికి ఒక హెచ్చరిక. ఈ స్కూటర్ల రిమ్ము రెండు చెక్కలుగా ఉండి నట్లతో బిగించి ఉంటుంది. ట్యూబులో గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పారంటే చెక్కలు ఎగిరి తగులుతాయి. చేతివేళ్ళకు స్టెప్నీ లేదు.

కుదుపే బాధ అయితే మందు రాసేముందు రోగిని పరీక్షించాలి. గాలి సరిగా ఉందా? షాకబ్జార్బరు నూనె కారుతోందా? టైరు వయసెంత? 2000 తరువాత తయారైన టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఏళ్ళు గడిచిన టైరు పైకి కొత్తగా కనిపించినా రబ్బరు రాయిలా గట్టిపడి ఉండవచ్చు. అదే సైజులో కొత్త టైరు వేస్తే చాలాసార్లు సగం జబ్బు కుదురుతుంది.

అప్పటికీ పెద్ద టైరే కావాలంటే ముందు ఇన్సూరెన్సు వారికి తెలియజేయండి. చెప్పకుండా మారిస్తే ప్రమాదం జరిగిన రోజున పరిహారం దగ్గర పేచీ వస్తుంది. టైరు ఎక్కడైనా రాసుకుంటే ఎమ్.ఓ.టి. పరీక్షలో బండి తప్పుతుంది. పిల్లల్ని మాత్రం కసరకండి. పానా పట్టుకున్న కుర్రవాడికి కావలసింది తిట్లు కావు, కొలబద్ద. అది చేతికిచ్చి పక్కన కూర్చోండి.