పట్టాలు వేశాక ఆపాలా, పూర్తి చేయాలా? సిన్సినాటి స్ట్రీట్‌కార్ గొడవ మన విశాఖకు ఏం చెబుతోంది?

5.8 కిలోమీటర్ల లూప్.. 18 స్టాపులు.. ఐదే ఐదు బండ్లు. ఇంత చిన్న ప్రాజెక్టు కోసం అమెరికాలోని ఒక నగరం ఏళ్ల తరబడి రెండుగా చీలిపోయింది. రెండుసార్లు ఓటింగ్ జరిగింది, ఒక మేయర్ ఎన్నిక దీని చుట్టూనే తిరిగింది. రోడ్డు తవ్వి పట్టాలు వేస్తుండగా పనులు ఆపేశారు. రెండు వారాల తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి స్ట్రీట్‌కార్ కథ ఇది.

విశాఖ, విజయవాడల్లో మెట్రోపై చర్చ నడుస్తున్న టైంలో ఈ కథ మనకూ పనికొస్తుంది. అసలు అక్కడేం జరిగింది? ఎవరు ఎందుకు వద్దన్నారు? చివరికి ఎవరి మాట నిజమైంది? వివరంగా చూద్దాం.

స్ట్రీట్‌కార్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే ట్రామే. కోల్‌కతాలో 1873లో మొదలైన ట్రామ్ మనకు తెలిసిందే. చెన్నైలోనూ 1953 వరకు ట్రామ్‌లు తిరిగాయి. అమెరికాలో దీన్నే స్ట్రీట్‌కార్ అంటారు.

రోడ్డులోనే పట్టాలు పాతేస్తారు. పైన కరెంటు తీగ ఉంటుంది. కార్లు, బస్సులు వెళ్లే లేన్‌లోనే ఇదీ వెళ్తుంది. మెట్రోలా పిల్లర్లు, సొరంగాలు అక్కర్లేదు కాబట్టి ఖర్చు తక్కువ. కానీ ముందున్న కారు ఆగితే ట్రామ్ కూడా ఆగాల్సిందే. బస్సు అయితే పక్కనుంచి తప్పించుకుని వెళ్తుంది, ట్రామ్‌కు ఆ చాన్స్ లేదు. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సిన్సినాటికి పట్టాలంటే ఎందుకంత భయం?

దీనికి పాత కారణాలున్నాయి. ఒకప్పుడు ఈ నగరం నిండా స్ట్రీట్‌కార్లే. 1951లో చివరి బండి ఆగిపోయింది. అంతకుముందే 1920ల్లో సబ్‌వే కట్టాలని సొరంగాలు తవ్వారు. డబ్బు సరిపోక మధ్యలో వదిలేశారు. 3 కిలోమీటర్లకు పైగా సొరంగం ఇప్పటికీ సెంట్రల్ పార్క్‌వే రోడ్డు కింద ఖాళీగా ఉంది. అందులో ఒక్క రైలు కూడా నడవలేదు. కొత్తగా ఏ రైలు ప్రాజెక్టు పేరెత్తినా అక్కడి జనానికి ముందు గుర్తొచ్చేది ఆ సొరంగమే.

2002లో జిల్లా స్థాయిలో రైలు లైన్ల కోసం అమ్మకం పన్ను అర సెంటు పెంచుతామని ఓటింగ్ పెట్టారు. దాదాపు మూడింట రెండొంతుల మంది వద్దన్నారు.

మరోవైపు నగరం ఖాళీ అవుతోంది. 1950లో 5 లక్షలు దాటిన జనాభా 2010 నాటికి 3 లక్షల లోపుకు పడిపోయింది. ఉద్యోగాలు చేసేది సిటీలో, ఇళ్లు శివార్లలో. పన్ను కట్టేవాళ్లు తగ్గుతుంటే నగరం నడిచేదెలా? ఈ ప్రశ్నకు జవాబుగానే మేయర్ మార్క్ మాలరీ హయాంలో స్ట్రీట్‌కార్ ప్లాన్ వచ్చింది. 2001లో కొత్త తరం స్ట్రీట్‌కార్ మొదలుపెట్టిన పోర్ట్‌లాండ్ నగరాన్ని ఉదాహరణగా చూపించారు. పట్టాలు పడితే వాటి చుట్టూ ఇళ్లు, షాపులు వస్తాయన్నది వాదన. బస్సు రూట్ రేపు మారిపోవచ్చు, పట్టా మారదు కాబట్టి బిల్డర్లకు నమ్మకం ఉంటుందని చెప్పారు.

వద్దన్నది ఎవరు?

ఇక్కడే ఇంట్రెస్టింగ్ విషయం. మామూలుగా ఒకే వేదిక మీద కనిపించని రెండు వర్గాలు కలిశాయి. ఒకటి, పన్నులు పెంచొద్దని పోరాడే 'కోస్ట్' అనే సంస్థ. రెండు, నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖ.

మొదటివాళ్ల బాధ ఖర్చు గురించి. ఫైర్ స్టేషన్లు నడపడానికే సిటీ బడ్జెట్ ఇబ్బంది పడుతుంటే ఈ ఆడంబరం ఎందుకన్నారు. రెండోవాళ్ల ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. ఈ బండి ఎవరి ఇంటి ముందు ఆగుతుంది? నది ఒడ్డున ఉన్న స్టేడియంల నుంచి డౌన్‌టౌన్ మీదుగా 'ఓవర్ ది రైన్' అనే పాత పేట దాకా మాత్రమే లైన్. బస్సు కోసం గంటలు ఎదురుచూసే దూరపు పేటల పేదలకు ఇందులో ఏముంది?

ఓవర్ ది రైన్ గురించి కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు జర్మన్ వలసదారులు కట్టుకున్న పేట అది. 1850ల నాటి ఫిండ్లే మార్కెట్ ఇప్పటికీ అక్కడే ఉంది. కాలక్రమంలో పేద నల్లజాతి కుటుంబాల పేటగా మారింది. 2001లో పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోవడంతో అల్లర్లు జరిగాయి. తర్వాత పెట్టుబడులు రావడం మొదలైంది. స్ట్రీట్‌కార్ వస్తే అద్దెలు పెరిగి పాత జనం వెళ్లిపోవాల్సి వస్తుందన్న భయం ఊరికే పుట్టింది కాదు.

రెండు ఓటింగ్‌లు.. రెండుసార్లూ గట్టెక్కింది

సంతకాలు సేకరిస్తే సిటీ చార్టర్ మార్చే ప్రతిపాదనను నేరుగా ఓటర్ల ముందుకు తీసుకెళ్లే పద్ధతి అక్కడ ఉంది. మన మున్సిపాలిటీల్లో ఇలాంటిది లేదు.

2009లో 'ఇష్యూ 9' వచ్చింది. ప్యాసింజర్ రైలుపై ఖర్చు పెట్టాలంటే ముందు ప్రజల ఓటు తప్పనిసరి అన్నది దాని సారాంశం. 56 శాతం మంది 'వద్దు' అనడంతో అది ఓడిపోయింది. 2011లో 'ఇష్యూ 48' వచ్చింది. ఈ దశాబ్దం అంతా స్ట్రీట్‌కార్‌పై పైసా పెట్టొద్దన్నది ఆ ప్రతిపాదన. అదీ ఓడింది కానీ ఈసారి తేడా మూడు శాతమే.

అదే 2011లో మరో దెబ్బ తగిలింది. ఒహాయో గవర్నర్‌గా వచ్చిన జాన్ కేసిక్ హయాంలో రాష్ట్రం ఇస్తానన్న దాదాపు 5.2 కోట్ల డాలర్లు వెనక్కి పోయాయి. దీంతో రూట్ కుదించేశారు. కొండ పైనున్న యూనివర్సిటీ, ఆస్పత్రుల వైపు వెళ్లాల్సిన భాగం కట్ అయిపోయింది. మన తెలుగు విద్యార్థులు కూడా చదువుకునే యూనివర్సిటీ ఆఫ్ సిన్సినాటి ఉన్నది అటువైపే. రోజూ ఎక్కే వాళ్లు ఎక్కువ ఉండే చోటునే వదిలేశారన్నమాట. 'ఈ లైన్ ఎక్కడికీ వెళ్లదు' అని ఎగతాళి చేసినవాళ్లకు ఇది పెద్ద ఆయుధమైంది.

డిసెంబర్ 2013.. ఆ రెండు వారాలు

2012 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అప్పటి అంచనా 11 కోట్ల డాలర్లు. టెండర్లు తెరిస్తే రేట్లు ఎక్కువొచ్చాయి. 2013 జూన్‌లో మరో 1.74 కోట్ల డాలర్లు కలిపారు. భూమి కింద ఉన్న లైన్లు తరలించే ఖర్చు ఎవరిదన్న దానిపై సిటీకి, డ్యూక్ ఎనర్జీ కంపెనీకి మధ్య కోర్టు కేసు కూడా నడిచింది.

2013 నవంబర్‌లో మేయర్ ఎన్నిక. స్ట్రీట్‌కార్ ఆపేస్తానని చెప్పిన జాన్ క్రాన్లీ ఘనంగా గెలిచారు. విచిత్రం ఏంటంటే ఇద్దరు అభ్యర్థులదీ డెమోక్రటిక్ పార్టీయే. డిసెంబర్ మొదట్లో కొత్త కౌన్సిల్ 5-4 ఓట్లతో పనులకు బ్రేక్ వేసింది.

అప్పటికే రోడ్డులో పట్టాలు పడుతున్నాయి. బండ్లకు ఆర్డర్ వెళ్లిపోయింది. దాంతో అసలు ప్రశ్న మారిపోయింది. 'కట్టాలా, వద్దా' అన్నది పక్కకు పోయి, 'ఆపితే ఎంత నష్టం' అన్నది ముందుకొచ్చింది.

లెక్క తేల్చమని కేపీఎంజీకి అప్పగించారు. పూర్తి చేయాలంటే ఇంకా 6.89 కోట్ల డాలర్లు కావాలని తేలింది. మరి ఆపేస్తే? కాంట్రాక్టులు రద్దు చేయడానికి, తవ్వింది పూడ్చడానికి 1.63 కోట్ల నుంచి 4.61 కోట్ల డాలర్ల దాకా పడుతుందన్నారు. అప్పటికే పెట్టిన ఖర్చు దీనికి అదనం. పైగా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన దాదాపు 4.5 కోట్ల డాలర్ల గ్రాంట్ చేజారిపోతుంది. డిసెంబర్ 19 అర్ధరాత్రిలోగా తేల్చకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందేనని ఫెడరల్ అధికారులు డెడ్‌లైన్ పెట్టారు.

ఇక మిగిలింది ఒక్క చిక్కు. కట్టడానికి డబ్బుంది సరే, ఏటా నడపడానికి అయ్యే సుమారు 40 లక్షల డాలర్లు ఎవరిస్తారు? మేయర్ పట్టుబట్టింది ఇక్కడే. చివరి నిమిషంలో హేల్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ముందుకొచ్చి, పదేళ్లలో 90 లక్షల డాలర్ల దాకా సర్దుబాటు చేస్తామని మాటిచ్చింది. బ్రేక్ వేయడానికి ఓటేసిన వాళ్లలో ఇద్దరు, డేవిడ్ మాన్, కెవిన్ ఫ్లిన్, మనసు మార్చుకున్నారు. డిసెంబర్ 19న ఓటింగ్ ఫలితం 6-3. మేయర్ వీటో చేసినా నిలబడే మెజారిటీ అది. పనులు మళ్లీ మొదలయ్యాయి.

పట్టాలెక్కాక ఏమైంది?

2016 సెప్టెంబర్ 9న బండి కదిలింది. మొత్తం ఖర్చు సుమారు 14.8 కోట్ల డాలర్లు. ఫ్రీగా ఎక్కించిన తొలి మూడు రోజుల్లో 50 వేలకు పైగా రైడ్‌లు నమోదయ్యాయి. టికెట్ మొదలయ్యాక అసలు పరీక్ష మొదలైంది.

అనుకున్నంత మంది ఎక్కలేదు. టికెట్ మిషన్లు మొరాయించాయి. సిగ్నళ్ల దగ్గర బండి ఇరుక్కుపోయేది. పట్టాలకు అడ్డంగా ఎవరో కారు పార్క్ చేసి వెళ్లిపోతే వెనకున్న బండ్లన్నీ ఆగిపోయేవి. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే. వద్దన్నవాళ్లు 'ముందే చెప్పాం కదా' అన్నారు.

తర్వాత సీన్ మారింది. 2020లో కరోనా బ్రేక్ తర్వాత టికెట్ పూర్తిగా ఎత్తేశారు. 2021లో ఓవర్ ది రైన్ పక్కనే కొత్త ఫుట్‌బాల్ స్టేడియం తెరుచుకుంది. జనం పెరిగారు. 2023లో తొలిసారి ఏడాది ప్రయాణాలు 10 లక్షలు దాటాయి. 2020 జనాభా లెక్కల్లో నగరం మళ్లీ 3 లక్షల పైకి వచ్చింది. 1950 తర్వాత పెరుగుదల కనిపించడం అదే మొదటిసారి.

మరి ఇదంతా స్ట్రీట్‌కార్ పుణ్యమేనా? అలా చెప్పేయడం తొందరపాటే. ఓవర్ ది రైన్‌లో పాత భవనాలు బాగుచేసే పని 2003 నుంచే పెద్ద ఎత్తున నడుస్తోంది. పట్టాలు దానికి ఊతమిచ్చి ఉండొచ్చు, అంతకు మించి లెక్క కట్టడం కష్టం. అద్దెల గురించి పేదలు పడ్డ భయం మాత్రం నిజమైంది. ఆ పేట ఇప్పుడు ఖరీదైన రెస్టారెంట్లకు, అపార్ట్‌మెంట్లకు పేరు. కొండ మీది యూనివర్సిటీకి లైన్ మాత్రం ఇప్పటికీ వెళ్లలేదు.

మిగతా నగరాల్లో..?

అన్ని చోట్లా ఒకే ఫలితం లేదు. 2016లోనే మొదలైన కాన్సాస్ సిటీ స్ట్రీట్‌కార్‌కు తొలిరోజు నుంచీ టికెట్ లేదు, అక్కడ హిట్టయింది. వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో స్థానిక వ్యతిరేకతతో 2014లో పనులు మొదలుకాకముందే ప్లాన్ రద్దు చేశారు. వాషింగ్టన్ డీసీలో 2016లో మొదలైన లైన్‌ను ఆపేసి బస్సులు నడుపుదామని అక్కడి మేయర్ 2025లో ప్రతిపాదించారు.

మనకేం సంబంధం?

విశాఖలో గత ప్రభుత్వ హయాంలో లైట్ మెట్రోతో పాటు దాదాపు 60 కిలోమీటర్ల మోడరన్ ట్రామ్ ప్రతిపాదన కూడా వచ్చింది. అది కాగితాల మీదే ఉండిపోయింది. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం విశాఖలో 46.23 కిలోమీటర్ల తొలి దశ మెట్రోకు, విజయవాడలో 38.4 కిలోమీటర్ల తొలి దశకు ఓకే చెప్పింది. ఒక్కోదాని అంచనా 11 వేల కోట్ల రూపాయలకు పైమాటే. సిన్సినాటి లైన్ వీటి ముందు బొమ్మ రైలు లాంటిది. అయినా అక్కడ తేలిన విషయాలు ఇక్కడా అడగాల్సినవే.

ఒకటి, నడిపే ఖర్చు. శంకుస్థాపన రోజు కట్టే ఖర్చు గురించే అందరూ మాట్లాడతారు. ఏటా వచ్చే నష్టం ఎవరు భరిస్తారన్నది ముందే రాసుకోవాలి. సిన్సినాటిలో అది రాసుకోకపోవడం వల్లే చివరి రాత్రి ఒక దాత కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

రెండు, రూట్ కోత. డబ్బు చాలకపోతే ముందు ఏ ముక్క కట్ అవుతుంది? జనం ఎక్కువగా ఎక్కే ముక్క పోతే మిగిలిన లైన్ మీద విమర్శలే మిగులుతాయి.

మూడు, రోడ్డు మీద హక్కు. ట్రామ్ వేస్తే దానికి సొంత లేన్ ఇస్తారా? విశాఖలో ద్వారకానగర్, జగదాంబ లాంటి చోట్ల సాయంత్రం పార్కింగ్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఈ ప్రశ్న విడమరిచి చెప్పక్కర్లేదు.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది. అభ్యంతరాలు వినాల్సింది తవ్వకం మొదలయ్యాక కాదు, ముందు. అక్కడ వ్యతిరేకించిన వాళ్లు అడిగిన వాటిలో చాలా ప్రశ్నలు సరైనవే. కానీ పట్టాలు పడ్డాక ఆ ప్రశ్నలకు విలువ లేకుండా పోయింది. ఆపడానికీ డబ్బు కావాల్సి వచ్చింది, పూర్తి చేయడానికీ డబ్బు కావాల్సి వచ్చింది. ఆ రెండు వారాల్లో కౌన్సిల్ చేసింది రెండు నష్టాల్లో చిన్నదాన్ని ఎంచుకోవడమే.

మన దగ్గర ఓటింగ్ పెట్టే పద్ధతి లేదు కాబట్టి డీపీఆర్ దశలోనే జనం గట్టిగా అడగాలి. మా వీధికి ఏ స్టాప్ దగ్గర? టికెట్ ఎంత? స్టాప్ దాకా వెళ్లడానికి సిటీ బస్సు ఉంటుందా? ఈ మూడింటికి జవాబు దొరికిన లైన్‌నే రోజూ జనం ఎక్కుతారు.