వార్తల్లో పదం: 2-డీజీ

కొవిడ్ రెండో వేవ్‌లో జనగామ నుంచి ఊపిరి అందని రోగిని తీసుకెళ్లాలంటే అటు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, ఇటు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి. ఆక్సిజన్ పడకకే కటకటగా ఉన్న 2021 మే నెలలో వార్తలకెక్కిన పొడి మందు ఇది.

పూర్తి పేరు 2-డీఆక్సీ-డీ-గ్లూకోజ్. చూపుకు గ్లూకోజ్ లాంటిదే, ఒక ఆక్సిజన్ పరమాణువు తక్కువ. వైరస్ సోకిన కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా లాగుతాయి. ఆ ఆత్రంలో దీన్నీ మింగేస్తాయి గానీ శక్తిగా మార్చుకోలేవు. అలా వైరస్ పెరుగుదల మందగిస్తుందని శాస్త్రవేత్తల లెక్క. క్యాన్సర్ చికిత్స కోసం దశాబ్దాలుగా పరీక్షిస్తున్న పదార్థమే.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాల ఇన్మాస్, మన మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కలిసి దీన్ని తెచ్చాయి. 2020 ఏప్రిల్‌లో పరిశోధన సంస్థ సీసీఎంబీతో కలిసి ల్యాబ్ ప్రయోగాలు జరిగాయి. మూడో దశ పరీక్షల్లో, మూడో రోజుకు ఆక్సిజన్ అవసరం తప్పినవారు మందు వాడినవారిలో 42 శాతం, వాడనివారిలో 31 శాతం అని ప్రకటించారు. మామూలు చికిత్సకు తోడుగా మాత్రమే అత్యవసర అనుమతి దక్కింది. 2021లో ప్యాకెట్ ధర 990 రూపాయలు.

అయితే ఆ పరీక్షలో ఉన్నది 220 మందే. ప్రాణాలు నిలుస్తాయా అన్నది తేల్చడానికి అది చాలదు. వేరే మందు విషయంలో అలాంటి సంగతిని వేలమందిపై తేల్చింది బ్రిటన్ రికవరీ ట్రయల్: పాత, చవక స్టెరాయిడ్ డెక్సామెథసోన్ వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించిందని 2020 జూన్‌లోనే చెప్పింది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మాత్రం దాంతో మేలు కనిపించలేదు.