మనసు విద్య ఎవరి కోసం?

2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. వరద తీసిన పిమ్మట ఇంటికి, పైరుకు, పశువులకు జరిగిన నష్టాన్ని అధికారులు లెక్క కడతారు. మరి రాత్రి వాన చప్పుడుకు ఉలిక్కిపడి లేచే పిల్లవాని భయాన్ని ఏ పట్టికలో వ్రాయాలి? మనస్తత్వవేత్తల వృత్తి సమాజానికి ఏపాటి అక్కరకు వస్తుందన్న ప్రశ్నను మేము ఈ గట్టు మీది నుండే పరిశీలించదలిచాము.

ఈ ప్రశ్నను ఆ శాస్త్రజ్ఞులే తమకు తాము వేసుకున్నారు. 1969లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘం అధ్యక్షుడు జార్జ్ మిల్లర్, తమ విద్యను సామాన్యులకు పంచిపెట్టాలని కోరారు. అలహాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యుడు దుర్గానంద్ సిన్హా మరింత సూటిగా మాట్లాడారు. పాశ్చాత్య దేశాల సిద్ధాంతాలను, పరీక్షలను యథాతథంగా తెచ్చుకుంటే చాలదనీ, పేదరికం, గ్రామ జీవనం ఈ శాస్త్రానికి విషయాలు కావాలనీ వాదించారు. సూడాన్‌కు చెందిన మాలిక్ బద్రీ 1979లో ముస్లిం మనస్తత్వవేత్తల సందిగ్ధావస్థపై గ్రంథం వెలువరించి, గుడ్డి అనుకరణను తప్పుపట్టారు. ఆయన స్వయంగా మనస్తత్వవేత్త అన్న సంగతిని, ఈ విద్యనే నిరసించే మనవారు గమనించాలి.

సిన్హా వాదన ఎంత సమంజసమో మా అడవి అంచున తెలుస్తుంది. కోయ తల్లి తన దుఃఖాన్ని కోయ భాషలోనే చెప్పుకోగలదు. తెలుగులో అచ్చయిన ప్రశ్నపత్రం ఆమె నోరు విప్పించలేదు. అంత దూరం ఎందుకు? మన ఇళ్లలోనే ఇల్లాలు ‘దిల్ ఘబ్రాతా హై’ అంటే గుండె పరీక్షలకు తీసుకెళతాము. అవి చేయించవలసినవే. కానీ ఫలితాలన్నీ బాగున్నాయని తేలాక కూడా, ఆమెను కలత పెడుతున్నదేమిటో అడిగేవారు అరుదు. మనోవైద్యుడు మందు వ్రాస్తాడు. మనస్తత్వవేత్త ప్రధానంగా వింటాడు, మాట్లాడిస్తాడు. ఈ తేడా తెలియక ఇద్దరినీ ‘పిచ్చి డాక్టరు’ అనేస్తున్నాము. ఆ మాటకు జడిసి ఎందరు గడప దాటడం లేదో!

చట్టం మనకంటె ముందుకు నడిచింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే సాధారణంగా భావించాలి, శిక్షించరాదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ‘టెలీ మానస్’ ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. అయితే సిగ్నల్ అందని గూడేనికి మనిషే వెళ్లాలి. ఆ గూడెంలోని ఆశా కార్యకర్తకు, పంతులుకు బాధితుల మాట వినే పద్ధతి నేర్పే మనస్తత్వవేత్తలు ఇప్పుడు ఈ ప్రాంతానికి అవసరం. ఫోను అందుబాటులో ఉన్నవారు 14416కు రాత్రైనా, పగలైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.