మెట్ట సీమలో తొలి ఐదు కిలోమీటర్లు

తెలుగునాట చిన్న పట్టణాల్లో పరుగు సాధన చాలావరకు ఉద్యోగ నియామక పరీక్షలతో ముడిపడి ఉంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ఇందుకు మినహాయింపు కావు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో పురుష అభ్యర్థులు 1600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాల్లో ముగించవలసి ఉంటుంది. సైన్యంలో అగ్నివీరుల ఎంపికలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లోపు పరుగెత్తినవారికి పూర్తి మార్కులు దక్కుతాయి. ఈ గడువులు ఆయా ఉద్యోగాలకు అవసరమే గాని, పరుగంటే ఇదేనన్న భావన స్థిరపడడం వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. పరీక్ష నెగ్గినా తప్పినా యువకుడి సాధన అక్కడితో ఆగిపోతుంది. నలభై దాటిన రైతు, రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చునే వ్యాపారి, ఇంటిపని ముగించుకొని బడికో ఆఫీసుకో వెళ్లే మహిళ ఆ మైదానం తమది కాదనుకుంటారు. నిజానికి గడియారంతో పోటీ పడకుండా ఐదు కిలోమీటర్ల తొలి పందెం పూర్తిచేయగల శక్తి వీరిలో చాలామందికి రెండు మూడు నెలల సాధనతో లభిస్తుంది.

చిన్న లెక్క వేస్తే ఈ సంగతి తేటపడుతుంది. 1600 మీటర్లకు 8 నిమిషాలంటే కిలోమీటరుకు 5 నిమిషాలు. ఆ వేగంతో ఐదు కిలోమీటర్లు పోతే 25 నిమిషాలు పడుతుంది. కొత్తగా మొదలుపెట్టినవారు కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున 40 నిమిషాల్లో చేరినా, మధ్యమధ్య నడిచి 45 నిమిషాలు తీసుకున్నా పందెం పూర్తిచేసినట్టే. పందేల ప్రకటనల్లో కనిపించే 5కె, 10కె అన్న గుర్తులు కిలోమీటర్లను సూచిస్తాయి. ఊళ్లో జరిగే రెండు కిలోమీటర్ల పరుగును కూడా మారథాన్ అనడం పరిపాటి అయినా, అసలు మారథాన్ 42.195 కిలోమీటర్లు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఈ దూరం 1921లో ప్రమాణంగా స్థిరపడింది. దానిలో సగం, అంటే సుమారు 21.1 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్. సర్దార్ పటేల్ జయంతి అయిన అక్టోబరు 31న 2014 నుంచి జరుగుతున్న ఐక్యతా పరుగు, ధ్యాన్‌చంద్ జయంతి అయిన ఆగస్టు 29 నాటి జాతీయ క్రీడా దినోత్సవ కార్యక్రమాలు మొదటి అనుభవానికి చాలు. అంతకంటె పెద్ద పందెం కావాలంటే 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్‌లోనూ, విశాఖ సముద్రతీరంలో జరిగే వైజాగ్ నేవీ మారథాన్‌లోనూ 5కె విభాగం ఉంటుంది.

సాధన ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఈ ప్రాంతంలో చిన్న ప్రశ్న కాదు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ మెట్టలో ఏప్రిల్, మే నెలల్లో కొత్తవారు పరుగు ప్రారంభించడం తెలివైన పని కాదు. నెల్లూరు జిల్లాకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాను రోజుల్లో సాధన కొంత దెబ్బతిన్నా, ఎండ తగ్గి ఉండే ఆ నెలలే నేర్చుకునేవారికి అనువైనవి. దీపావళి తరువాత మొదలుపెట్టినవారు సంక్రాంతికి ఊళ్లలో జరిగే ఆటల పోటీల నాటికో, గణతంత్ర దినోత్సవం నాటికో సిద్ధం కాగలరు.

అనుసరించవలసిన పద్ధతికి మంచి నమూనా 1996లో అమెరికాకు చెందిన జోష్ క్లార్క్ రూపొందించిన తొమ్మిది వారాల ప్రణాళిక. అలవాటు లేనివారిని ఐదు కిలోమీటర్ల వరకు తీసుకువెళ్లేందుకు ఉద్దేశించిన ఈ పద్ధతి నేడు ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. వారానికి మూడు రోజులే సాధన. మిగిలిన రోజులు విశ్రాంతి. మొదటి వారంలో ఐదు నిమిషాలు చురుగ్గా నడిచిన తరువాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక చొప్పున మారుస్తూ ఇరవై నిమిషాలు గడపాలి. వారం వారం పరుగు భాగం పెరిగి నడక భాగం తగ్గుతూ, ఐదో వారం చివరికి ఆగకుండా ఇరవై నిమిషాలు, తొమ్మిదో వారానికి అరగంట పరుగెత్తే స్థితి వస్తుంది. ఏ వారమైనా బరువుగా తోస్తే దానినే మరోసారి చేయడంలో తప్పేమీ లేదు. తొమ్మిది వారాలు పన్నెండైనా నష్టం లేదు. కొత్తవారి సాధన చెడడానికి ముఖ్య కారణం బద్ధకం కాదు, మొదటి వారంలోని అత్యుత్సాహం. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. ఒక్కొక్క మాటకూ రొప్పవలసి వస్తే తగ్గించుకోవాలి.

ఈ నిదానానికి శరీర ధర్మంలోనే కారణం ఉంది. క్రమం తప్పని పరుగుతో గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. కండరాల్లో కేశనాళికలు, అంటే వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు, పెరుగుతాయి. ప్రాణవాయువును వాడుకొని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే కణభాగాలు వృద్ధి చెందుతాయి. ఈ మార్పులు కొద్ది వారాల్లోనే అనుభవానికి వస్తాయి. కండను ఎముకకు బిగించే బంధనాలు, ఎముకలు మాత్రం బలపడడానికి నెలలు తీసుకుంటాయి. అందువల్ల నాలుగో వారానికి ఊపిరి సులువై ఇంకా దూరం పోవాలన్న కోరిక కలిగే సమయంలోనే మోకాలి కింద ముంగాలి ఎముక వెంట నొప్పి మొదలయ్యే ప్రమాదం ఉంది. పరుగెత్తిన మరునాడు, ఆ మరునాడు తొడలు, పిక్కలు పట్టేసినట్టుండి తగ్గిపోవడం మామూలే. ఎముక మీద ఒకే చోట వేలుపెట్టి చూపగలిగే నొప్పి అడుగడుగుకూ పెరుగుతుంటే విశ్రాంతి తప్పదు, తగ్గకపోతే వైద్యుడిని చూడాలి.

ఈ ప్రాంతవాసులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ అధికం కావడం వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధి మన దేశంలో మొట్టమొదట 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వైద్య గ్రంథాలకెక్కింది. ఉదయగిరి పరిసర మెట్ట మండలాలను ఆ సమస్య నేటికీ వేధిస్తోంది. పళ్లపై మచ్చలు దీని తొలి గుర్తు కాగా, ఏళ్లు గడిచేకొద్దీ వెన్నెముక, మెడ, కీళ్లు బిగుసుకుపోతాయి. అటువంటి బిగువు ఉన్నవారు దానిని పరుగుతో వదిలించుకోవచ్చని అనుకోకుండా, ముందుగా వైద్యుడి సలహా తీసుకొని నడకతోనే మొదలుపెట్టడం క్షేమం. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారికి, నడకలో ఛాతీలో నొప్పి లేదా కళ్లు తిరగడం అనుభవమైనవారికి, చిన్న వయసులో హఠాత్తుగా గుండెపోటుతో మరణించిన రక్తసంబంధీకులున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

పరుగెత్తే చోటు విషయంలో అన్నిటికంటె అనువైనది బడి మైదానం. 400 మీటర్ల ట్రాకు అయితే పన్నెండున్నర చుట్లు, 200 మీటర్ల చుట్టు అయితే ఇరవై అయిదు చుట్లు ఐదు కిలోమీటర్లవుతాయి. మైదానంతోపాటు పీఈటీ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు కూడా దొరకడం అదనపు లాభం. వరంగల్ ప్రాంతంలోని కల్లెడకు చెందిన దీప్తి జీవన్‌జి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంటపడి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలుచుకునే వరకు ఎదిగిన సంగతి తెలిసిందే. మైదానం లేని పల్లెల్లో చెరువు కట్ట, సోమశిల కాలువ గట్టు బాట పనికివస్తాయి. లారీలు తిరిగే 67వ నంబరు జాతీయ రహదారి అంచు మాత్రం సాధనకు తగదు. తప్పనిసరైతే వాహనాలకు ఎదురుగా, వెలుతురులో, లేత రంగు బట్టలతో వెళ్లాలి. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఉన్న ఎర్రగరప నేలపై వట్టికాళ్లతో దిగడం కంటె, వేళ్ల ముందు కాస్త చోటు మిగిలే మెత్తటి పరుగు బూట్లు కొనుక్కోవడం మేలు; ఖరీదు కంటె కొలత ముఖ్యం. సుమారు 3,079 అడుగుల ఎత్తున, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం బాట చూసినవారికి కొండపరుగు మీద మనసు పోవడం సహజమే. అయితే దిగుడులో శరీర భారాన్ని తొడ కండరాలు సాగుతూ ఆపవలసి రావడం వల్ల అవి ఎక్కువగా దెబ్బతింటాయి. మొదటి పందెం ముగిసే వరకు అక్కడ నడకే చాలు.

మహిళల విషయంలో అడ్డంకి శరీరానిది కాదు. 1928 ఒలింపిక్స్ తరువాత మహిళల 800 మీటర్ల పరుగును, వారు తట్టుకోలేరన్న సాకుతో తొలగించి, 1960 వరకు మళ్లీ చేర్చలేదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కేథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడొకరు దారిలోనే పట్టి లాగబోయినా ఆమె పందెం పూర్తిచేసింది. 1984లో గాని ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ రాలేదు. మన పల్లెల్లో వేకువ చీకటి, వీధికుక్కలు, చూసేవారి వ్యాఖ్యలు ఆ నిషేధాల పనే చేస్తున్నాయి. వీటికి ఒంటరిగా కంటె గుంపుగా ఎదురు నిలవడం సులువని ఈ ప్రాంతానికి చెప్పనక్కరలేదు. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో మొదలైన మహిళల సారా వ్యతిరేక ఉద్యమం 1993లో రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. పొదుపు సంఘాల్లో వారం వారం కలుసుకునే మహిళలు అదే బలగంతో బడి మైదానంలో వారానికి మూడు ఉదయాలు కలుసుకోవడానికి పెద్ద ఏర్పాట్లేవీ అక్కరలేదు. బడి తాళం తీయించే ఒక ప్రధానోపాధ్యాయుడు, చుడీదారు, బూట్లు ఉంటే సరిపోతుంది.

వయసు కూడా పెద్ద అడ్డు కాదు. పంజాబు పల్లెలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఫౌజా సింగ్ తన లెక్క ప్రకారం 89వ ఏట, 2000 సంవత్సరంలో, లండన్‌లో తొలి మారథాన్ పూర్తిచేశాడు. అందుకు ఆయనకు 6 గంటల 54 నిమిషాలు పట్టింది.

ఆహారంలో ఆర్భాటం అక్కరలేదు. అరగంట పరుగుకు ప్రత్యేక పానీయాలు, పొడులు అవసరం లేదు. రాగి సంగటి, పప్పు, గుడ్డు, వేరుశనగలు ఉన్న మామూలు భోజనమే చాలు. పరుగుకు గంట ముందు అరటిపండు తినవచ్చు, తరువాత ఉప్పు వేసిన మజ్జిగ తాగవచ్చు. దాహానికి తగినన్ని నీళ్లు తాగాలి గాని, అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం కలుగుతుంది. ఎండకు శరీరం అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పరుగెత్తేవారు తడబడుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి. వాహనం వచ్చే వరకు చల్లబరచడం ఆపరాదు.

పందెం నాడు కొత్త బూట్లు, కొత్త తిండి రెండూ వద్దు. ఛాతీకి తగిలించుకునే అంకెల చీటీని బిబ్ అంటారు. పెద్ద పందేల్లో దానికి అతికించిన చిప్ ఒక్కొక్కరి సమయాన్ని విడివిడిగా నమోదు చేస్తుంది గనుక ముందు వరుస కోసం తోసుకోవలసిన పని లేదు. మైకులో పాటలు, కుర్రాళ్ల ఉరుకులు చూసి మొదటి కిలోమీటరు వేగంగా పోయినవారు మూడో కిలోమీటరులో చతికిలబడడం తరచుగా జరిగేదే. మొదటి కిలోమీటరును సాధనలోకంటె నిదానంగా నడిపి, నీళ్లు తాగేచోట నడిచి, చివరి కిలోమీటరులో శక్తి మిగిలి ఉంటే వేగం పెంచడం మంచి పద్ధతి.

గీత దాటిన వెంటనే ఆగిపోకుండా పది నిమిషాలు నడవాలి, ఆ వారంలో నడక తప్ప వేరే సాధన పెట్టుకోకూడదు. తరువాత 10కె మీద ఆశ కలిగినవారు తేదీని జాగ్రత్తగా ఎంచుకోవాలి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర జరుగుతుంది గనుక దాని సాధన రోహిణి కార్తె ఎండల్లో మొదలుపెట్టవలసి వస్తుంది. నవంబరులోనో డిసెంబరులోనో జరిగే విశాఖ పందెమైతే మేలో ఉదయపు నడకతో సరిపెట్టుకొని, ఆగస్టు నుంచి దూరం పెంచుకోవడానికి ఈ మెట్టవారికి వీలు కలుగుతుంది.